మధ్యమం గొర్రె

మొన్న ఒక పిల్ల మా ఇంటికొచ్చింది. గురుకుల పాఠశాలలో సంగీతం టీచరుగా కొత్తగా ఉద్యోగం వచ్చిందట. నల్గొండలో ఒకావిడ ఆ పని చేసీ చేసీ రిటైరైందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. చాయ్ తాగుతూ, "మేడం, మొదటి దినం క్లాసుల ఏం చెప్పాలె?" అని అడిగింది.

"ఏం చెప్పకు. ఆడిపియ్యి" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. రాసుకుందామని తీసిన పెన్నుకు మళ్లీ మూత పెట్టేసింది. ముసలామె ఏదో తమాషాకు అన్నదనుకుని ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు నన్ను ఏ ఊరికి విసిరేశారు అన్న పురాణం ఇందులో ఉండదు. కొన్ని ఆటలు, ఒక పెద్ద మేడం, ఒక గొర్రెల కాపరి, ఆయన బిడ్డ రేణుక ఉంటారు. రేణుక విషయంలో నేను చేసిన తప్పు ఉంటుంది. అది చెప్పడానికే ఇదంతా. కానీ నేరుగా దాని దగ్గరికి పోయే ధైర్యం లేక ఆటలతో మొదలుపెడుతున్నాను.

గచ్చకాయలు

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను అమ్రాబాద్ వైపు ఒక ఆడపిల్లల గురుకులానికి పంపారు. అప్పటిదాకా నాకు ఎట్లా నేర్పారో అట్లానే నేనూ నేర్పాను. బాసిపట్టు వేసి కూర్చో, తొడ మీద తాళం వెయ్, సరళీ స్వరాలు అను. అన్నం తిన్న తర్వాతి పీరియడు నాది. యాభై మంది పిల్లలు, తిరగని ఫ్యాను. మూడో వరుస నుంచి వెనకంతా నిద్ర. నేను గొంతు పెంచేదాన్ని, వాళ్లు ఇంకా హాయిగా నిద్రపోయేవారు.

ఒకనాడు కరెంటు పోయి గదిలో ఉండలేక అందరినీ వరండాలోకి తోలాను. నేను చూడటం లేదనుకుని నలుగురు పిల్లలు గచ్చకాయలు ఆడటం మొదలుపెట్టారు. తిడదామని దగ్గరికి పోయి ఆగిపోయాను. ఒక కాయ పైకి పోతుంది, అది దిగేలోపు కింద ఉన్న నాలుగూ చేతిలోకి వస్తాయి, పైకి పోయినది వచ్చి వాటిలో పడుతుంది. క్లాసులో ఒక్క ఆవర్తనం కూడా తాళం తప్పకుండా వేయలేని పిల్ల అక్కడ ఒక్కసారి కూడా తప్పడం లేదు. సిగ్గేసింది. లయ వాళ్ల అరచేతుల్లో ఎప్పటినుంచో ఉంది. నేనేమో వాళ్ల తొడల మీద వెతుకుతున్నాను.

మర్నాటి నుంచి క్లాసులో గచ్చకాయలే. కాయ పైకి వేసేటప్పుడు సా అనాలి, స్వరాలన్నీ పాడి, కాయ చేతిలో పడేసరికి మళ్లీ సా దగ్గరికి చేరాలి. ముందు చేరితే నవ్వులు, వెనక పడితే ఇంకా నవ్వులు. రెండు నెలల్లో ఆ క్లాసు వేసిన తాళం పదేళ్లు నేర్చుకున్నవాళ్లు వేసినట్టుంది. నా గొప్ప ఏమీ లేదు, నేను చేసిందల్లా తిట్టకుండా ఉండటమే.

మా ప్రిన్సిపాల్‌ను పిల్లలు పెద్ద మేడం అనేవారు. లెక్కల టీచరుగా పనిచేసి వచ్చిన మనిషి. మాట కటువు, చూపు ఇంకా కటువు. వారం తిరగకుండానే వచ్చి తలుపులో నిలబడింది.

"సంగీతం పీరియడ్‌ల గచ్చకాయలు ఆడిపిస్తున్నవట?"

"ఔ మేడం. జర కూసోండ్రి, ఒక్క ఆట ఆడి చూడుండ్రి."

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చుంది. మొదటిసారి తప్పింది, రెండోసారి తప్పింది, మూడోసారి నాలుగూ పట్టింది. పట్టి, పిల్లల మొహాలు చూసి, "మా అవ్వతోని ఆడేదాన్ని" అంది. లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆటల గురించి నన్ను ఏనాడూ అడగలేదు.

కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడొక మాట. ఆట అని పిలిచి పాఠం పెట్టే టీచర్లను చాలామందిని చూశాను. పిల్లలు ఆ మోసాన్ని ఇట్టే పసిగడతారు. ఆట ముందు ఆటగా బాగుండాలి. మీకు కూడా ఆడబుద్ధి కావాలి. కాకపోతే ఆ పీరియడు లెక్కల వాళ్లకు ఇచ్చెయ్యండి, వాళ్లకైనా పనికొస్తుంది.

కొమురయ్య గంటలు

రేణుక ఐదో తరగతిలో చేరింది. సన్నటి పిల్ల, మాట తక్కువ. ఎవరైనా పిలిస్తే తల తిప్పేది కాదు, ముందు చెవి తిప్పేది. వాళ్ల నాయిన కొమురయ్యకు గొర్లున్నాయి. నెలకొక ఆదివారం భుజాన గొంగడి వేసుకుని బిడ్డను చూడటానికి వచ్చేవాడు. బడికి ఆ యేడే కొత్త హార్మోనియం వచ్చింది. ఒకసారి నేను దాన్ని వాయిస్తుంటే కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు విన్నాడు.

"గా పెట్టెల ఎన్ని గొంతులున్నయి టీచరమ్మా?"

"ఏడు అనుకో అన్నా. మీ మందల ఎన్ని?"

"గంట కట్టినయి ఇరవై దాక ఉంటయి. అన్నీ ఎరుకే. మంద పొదలల్ల పడ్డదంటే కండ్లకేం కనవడది. చెవులతోనే చూడాలె. ఏ గంట దగ్గరున్నది, ఏది దూరం పోతాంది, ఏది సప్పుడు చేస్తలేదు. సప్పుడు చెయ్యనిదాంతోనే ఫికర్."

ఆ మాట విన్న రోజే నా బుర్రలో ఆట పుట్టింది. పాత గంటలేమైనా ఉంటే ఇమ్మని అడిగాను. మరుసటి నెల ఒక సంచి నిండా తెచ్చాడు. మేమిద్దరం వరండాలో కూర్చుని హార్మోనియం పక్కన పెట్టుకుని ఏడింటిని ఏరాం. మూడు కొంచెం తేడాగా ఉంటే గంటలు పోసే ఒకాయనతో ఆకురాయి పెట్టి రుద్దించి శ్రుతి కలిపించాను. సా నుంచి నీ దాకా ఏడు గంటలు. నాలుగోది, మ పలికే మధ్యమం గంట, అన్నింటికంటే పాతది, అంచున చిన్న నొక్కు ఉండేది. అది వాళ్ల మందలో ముందు నడిచే పొట్టేలుదట.

ఆటకు పిల్లలే మంద ఆట అని పేరు పెట్టారు. ఒకరు కాపరి, ఆరుగురు గొర్లు. కాపరి కళ్లకు తువాల కడతాం. ఒక్కో గొర్రె తన గంట మోత విని, గంట కింద పెట్టి, గ్రౌండులో ఎక్కడికైనా పోయి నిలబడాలి. కాపరి సా గంట మోగిస్తుంది. దానికి బదులుగా గొర్లు తమ తమ స్వరాన్ని నోరు మూసుకుని రాగం తీయాలి. కాపరి ఆ సప్పుడు పట్టుకుని నడిచి, స్వరం పేరు, పిల్ల పేరు చెప్పి, చెయ్యి పట్టుకుని ముగ్గుతో గీసిన దొడ్డిలోకి తేవాలి. తప్పు చెబితే ఓడిపోవడం లేదు. మళ్లీ విని మళ్లీ చెప్పాలి, అంతే.

ఒక నియమం మాత్రం రేణుకది. ఒకనాడు తను కాపరిగా ఉంది. ఐదు గొర్లు దొడ్డిలోకి వచ్చాయి. ఆరో పిల్ల అల్లరిది, చెట్టు వెనక దాక్కుని నోరు విప్పలేదు. ఇంతలో సాయంత్రం గుగ్గిళ్ల గంట కొట్టారు. గొర్లన్నీ గిన్నెల కోసం పరుగు. దాక్కున్న గొర్రె కూడా పరుగు. రేణుక ఒక్కతే గ్రౌండు నడుమ కళ్లకు తువాలతో నిలబడి ఉంది.

"కట్టు ఇప్పుకో బిడ్డా, గుగ్గిళ్లు అయిపోతయి" అన్నాను.

"ఒక గొర్రె తక్కువున్నది టీచర్."

"అదేమో పోయి తింటాంది."

"మంద నిండకుంట కాపరి కండ్లు తెరువద్దు. మా నాయిన గట్లనే అంటడు."

నేను పోయి ఆ అల్లరి పిల్లను చెవి పట్టుకుని తెచ్చి రాగం తీయిస్తే గాని రేణుక కట్టు విప్పలేదు. ఆనాటి నుంచి అది ఆట నియమమైంది.

ఇప్పుడు సాయంత్రం నాలుగైందంటే నాకు ఇంట్లో ఉండబుద్ధి కాదు. ఆ గ్రౌండులో ఆరు మూలల నుంచి ఆరు సన్నటి గొంతులు ఒకేసారి లేచేవి. నడుమ ఒక పిల్ల చేతులు చాచుకుని ఒక్కో గొంతు వైపు అడుగులేసేది. నేను విన్న కచేరీలన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. పింఛను ఇచ్చారు, శాలువా కప్పారు, ఆ సప్పుడు మాత్రం ఇచ్చి పంపలేదు.

గోడ దగ్గర

రేణుక ఎనిమిదో తరగతిలో ఉండగా జిల్లా స్థాయి పోటీలు వచ్చాయి. పెద్ద మేడం పిలిచి, "ఈ పాలి బహుమతి పట్కరావాలె. ఆటలాడుకుంటున్నరని ఊరంతా అంటున్నరు, నేను జవాబు చెప్పలేకపోతున్న" అంది. నేనూ పౌరుషం మనిషినే. పది మందిని ఏరాలి, రెండు వారాలే ఉంది. గంటలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మంద ఆట బంద్ చేసి కొత్త ఆట పెట్టాను. నేను హార్మోనియం మీద ఒక స్వరం పట్టాలి, పిల్ల అందుకోవాలి. అందుకోలేకపోతే ఔట్, పోయి గోడ దగ్గర నిలబడాలి.

మొదటి రోజే రేణుక మధ్యమం దగ్గర ఔటైంది. మిగతా పిల్లలందరూ పెట్టెతో కలిశారు, తను ఒక పిసరు పైన పాడింది. మళ్లీ అడిగాను. మళ్లీ అక్కడే.

"పెట్టె దిగింది టీచర్" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"ఇంతమంది తప్పు, పెట్టె తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా? పో, గోడకు నిలవడు."

పోయి నిలబడింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఆట మొదలుపెట్టకముందే, నేను ఒక్క స్వరమైనా పట్టకముందే, తనంతట తాను పోయి గోడకు ఆనుకుని నిలబడింది. నేను చూశాను. చూసి, పోనీలే, ఒక పేరు తగ్గిందనుకున్నాను.

పోటీలో మాకు ఏమీ రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒక ముసలాయన వేదిక దిగిపోతూ, "పిల్లలు బాగ పాడిండ్రమ్మా, మధ్యమం కాడ జర చూసుకోండ్రి" అన్నాడు. ఆయనకు చెవుడేమో అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అదే మాట అందరితో అన్నాను కూడా.

బీరువా తీసిన రోజు

ఎండాకాలం సెలవులకు పిల్లలను తీసుకుపోవడానికి అమ్మానాన్నలు వచ్చారు. కొమురయ్య నా దగ్గరికి వచ్చి, ఆ యేడు వానలు లేక గడ్డి లేదని, మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతున్నానని, దూరం పోతే గంటలు కావాలని అన్నాడు. బీరువా తీసి గంటలు బల్ల మీద పెట్టాను. ఆయన అలవాటు, ఏ గంటనైనా ఒకసారి మోగించి విని గాని సంచిలో వేయడు. పక్క గదిలో ఒక చిన్న పిల్ల హార్మోనియం మీద స రి గ మ నొక్కుకుంటోంది.

పెట్టె మధ్యమం మీద ఉండగానే కొమురయ్య మధ్యమం గంట మోగించాడు. రెండూ కలవలేదు. గంట పైన ఉంది, పెట్టె కింద ఉంది.

కొమురయ్య తల వంచి విని, "మీ పెట్టెకు సర్ది అయినట్టున్నది టీచరమ్మా" అన్నాడు.

నేను పరుగున పోయి ఆ పిల్లను లేపి కూర్చుని వాయించాను. మిగతా గంటలన్నీ పెట్టెతో కలిశాయి. మధ్యమం పలికించే ఆ ఒక్క రీడే దిగిపోయింది. ఒక్క రోజులో దిగింది కాదు. చెమ్మకు, దుమ్ముకు మూడేళ్లుగా కొంచెం కొంచెం దిగింది. పొద్దున లేస్తే దాంతోనే నా బతుకు కనుక, అది దిగినకొద్దీ నా చెవి కూడా దాని వెంటే దిగింది, నాతోపాటు పిల్లలనూ దించాను. గంటలను ఏరిన దినం తప్ప వాటినీ పెట్టెనూ కలిపి నేను ఎన్నడూ మోగించలేదు. గంట చెడలేదు. గంట మోత గుర్తుపెట్టుకున్న పిల్లా చెడలేదు.

వెనక్కి తిరిగితే రేణుక తలుపు దగ్గర ఇనుప పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. నా మొహం వైపే చూస్తోంది. అప్పుడు చెప్పాల్సిన మాట ఎంత, నాలుగు ముక్కలు. నువ్వు ఒప్పు, నేను తప్పు. పక్కన పెద్ద మేడం ఉంది, వేరే పిల్లల తల్లిదండ్రులున్నారు. సెలవుల తర్వాత వస్తుంది కదా, క్లాసులో అందరి ముందు చెబుదామనుకున్నాను. "మంచిగ పోయి రా బిడ్డా" అని మాత్రం అన్నాను.

కొమురయ్య మధ్యమం గంట నా చేతిలో పెట్టాడు. "గీ ఒక్కటి ఉంచుకో. పెట్టెకు దారి చూపిస్తది" అన్నాడు.

రేణుక మళ్లీ రాలేదు. జూన్ పోయింది, జూలై పోయింది. ఒక ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఇంటికి తాళం ఉంది. మంద ఎక్కడుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. "ఆ పిల్ల బడికి పోనన్నదట, నాయినెంబడి పోయింది" అని పొరుగావిడ చెప్పింది. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి బడిలో, ప్రతి నెలా, పెట్టె పక్కన ఆ గంట పెట్టి సరిచూశాను. ఔట్ అనే మాట నా క్లాసులో మళ్లీ వినపడలేదు. కానీ ఇవన్నీ వేరే పిల్లలకు పనికొచ్చాయి. రేణుకకు దక్కాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. రోడ్డు మీద గొర్ల మంద అడ్డమొచ్చి బస్సు ఆగితే అందరూ విసుక్కుంటారు. నేను కిటికీ తీసి వింటాను.

రామన్నపేట అవతల

రిటైరైన రెండో యేడు పాత విద్యార్థిని ఒకతి యాదగిరిగుట్టలో ఎదురుపడి, రేణుకను రామన్నపేట దగ్గరి ఊరికి ఇచ్చారని, అక్కడ అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోందని చెప్పింది. మర్నాడే గంటను సంచిలో వేసుకుని బయల్దేరాను.

అంగన్‌వాడీ గేటు దగ్గరే ఆగిపోయాను. వాకిట్లో ఒక చిన్న పిల్ల కళ్లకు తువాల ఉంది. చుట్టూ ఐదారుగురు పసిపిల్లలు ఒకరు మేకలా, ఒకరు దూడలా, ఒకరు కోడిలా అరుస్తున్నారు. నేల మీద ముగ్గుతో గీసిన దొడ్డి ఉంది. పక్కన నిలబడ్డ మనిషి ఎవరో పిలిచినట్టు ముందు చెవి తిప్పింది, తర్వాత తల తిప్పింది.

"టీచర్" అంది. వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసింది. నాయిన మంచిగున్నడని, మంద సగం అమ్మిండని చెప్పింది. నీళ్లు తాగాను. ఇంక ఆలస్యం చేస్తే మళ్లీ అదే తప్పు.

"రేణుకా, ఆ దినం పెట్టె తప్పు. నేను తప్పు. నువ్వు ఒప్పు."

"నాకెరుకే టీచర్."

"అప్పుడే చెప్పాల్సుండె."

"ఔ" అంది. కోపం లేదు, పప్పు ఉడికిందో లేదో చెప్పినట్టు చెప్పింది. "అప్పుడు చెప్తే పాడుతుంటి."

"ఇప్పుడు పాడవా?"

"పాడబుద్ధయితది. నోరు తెరిస్తే గోడ యాదికొస్తది. పిల్లలకు ఆట చెప్తున్న గద టీచర్, అది చాలు."

చాలదు అని అనలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది చూసి పసిపిల్లలు చుట్టూ మూగారు. ఒక పోరి నా కొంగు లాగి, "అవ్వా, నువ్వు కాపరి" అంది. రేణుక నవ్వి, తన తువాలే తెచ్చి నా కళ్లకు కట్టింది.

మేకను పట్టాను, కోడిని పట్టాను, దూడ దొరక్కుండా రెండు చుట్లు తిప్పింది. అందరూ దొడ్డిలోకి వచ్చి చప్పట్లు కొట్టారు.

"అయిపోయింది టీచర్, ఇప్పుండ్రి" అంది రేణుక.

"ఒక గొర్రె తక్కువున్నది" అన్నాను.

రేణుక అడుగులు దూరం పోయాయి. నేను సా పట్టాను. ముసలి గొంతు, కొంచెం వణికింది. ఊపిరి అయిపోతే మళ్లీ తీసుకుని మళ్లీ పట్టాను. లోపల అంగన్‌వాడీ టీచరు కోడిగుడ్లు పంచుతున్నట్టుంది, పిల్లలందరూ దొడ్డి వదిలి పరుగెత్తారు. వాకిట్లో నేనొక్కదాన్ని కళ్లకు గంతలతో నిలబడ్డాను. మోకాళ్లు నొస్తున్నాయి. ఎంతసేపో తెలియదు. మంద నిండకుండా కాపరి కళ్లు తెరవకూడదు.

వెనక నుంచి, వంటగది తలుపు దగ్గరి నుంచి వచ్చింది. నోరు తెరవకుండా, సన్నగా, మధ్యమం. అటు తిరిగి, చేతులు చాచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. చెయ్యి దొరికింది. స్వరం పేరు చెప్పాను, పిల్ల పేరు చెప్పాను. గంట నా సంచిలోనే ఉంది, దాన్ని తీసి సరిచూడలేదు.